వయ్యారిభామను పీకమని ఎవరు చెప్తారు? అనంతపురం వేరుశనగలో కాండం కుళ్ళు: ఒక ఊరి కేస్ స్టడీ

2000వ సంవత్సరం ముంగారు (ఖరీఫ్). ఆగస్టు మొదట్లో కళ్యాణదుర్గం వైపు ఒక ఊరికి పోయాను. అప్పటికి నేను వ్యవసాయ విస్తరణ పనిలో చేరి ఎక్కువ కాలం కాలేదు. ఎర్రనేల, వర్షాధారం, గొర్రుతో వేసిన చెనిక్కాయ (వేరుశనగ) చేను. విత్తి నెల కూడా తిరగలేదు. పెద్దాయన ఒకరు గట్టు పక్క సాలులోంచి ఒక మొక్క పెరికి నా చేతిలో పెట్టారు.

"మొన్న పొద్దున ఇది బాగుండె సార్. ఇయ్యాల చూడండి."

కొన చిగురు ఆకుల మీద వేడి పెనం తగిలినట్టు మాడిన మచ్చలు. అక్కడి నుంచి ఆకు కాడ నల్లబడింది. కాడ నుంచి కాండంలోకి గోధుమ రంగు గీత దిగింది. గోరుతో కాండం చీల్చి చూశాను. లోపల కూడా మాడిపోయింది. వేరు మాత్రం తెల్లగా, గట్టిగా ఉంది. వేరు బుడిపె ఒకటి చిదిపితే లోపల గులాబీ రంగు. అంటే కింద మొక్క బతికే ఉంది, పై నుంచి చస్తోంది. వేరుకుళ్ళు కాదని అక్కడే తేలిపోయింది.

"మొవ్వుకుళ్ళు తెగులు" అన్నాను. ఆకుల రసం పీల్చే తామర పురుగుల మందు కొట్టమని చీటీ రాసిచ్చాను.

ఈ కేసు రాయడానికి మొదటి కారణం ఆ చీటీ. అందులో రాసింది తప్పు.

తప్పు ఎక్కడ జరిగింది

మొవ్వుకుళ్ళు మాకు తెలిసిన తెగులే. అదీ వైరసే, దాన్నీ తామర పురుగులే తెస్తాయి. దానిలోనూ కొన చిగురు మాడుతుంది. కానీ మొవ్వుకుళ్ళు వచ్చిన మొక్క సాధారణంగా వెంటనే చావదు. గిడసబారిపోయి, పక్కల నుంచి చిన్న చిన్న ఆకులతో గుబురుగా చిగుళ్ళు వేస్తుంది. ఈ చేనులో పక్క చిగుళ్ళు లేవు, గుబురు లేదు. నేలలోంచి నిలబెట్టిన పుల్లల్లా మొక్కలు ఎండిపోతున్నాయి. ఆ తేడా నా కళ్ళ ముందే ఉంది. తెలిసిన పేరు ఒకటి చేతికి దొరికేసరికి దాన్నే పట్టుకున్నాను.

పెద్దాయన ఆ రోజే ఇంకో మాట కూడా చెప్పారు. "గట్ల పక్క ఎక్కువుంది సార్, నడిమిట్లో తక్కువుంది. దోవ పక్కనైతే ఇంకా ఎక్కువ." దాన్ని నోట్‌బుక్‌లో రాసుకున్నాను. రాసుకోవడం వరకే. మొత్తం జవాబు ఆ మాటలోనే ఉందని తర్వాత అర్థమైంది.

పది రోజులకు మళ్ళీ పోతే చేను పలచబడి ఉంది. మందు రెండుసార్లు కొట్టారు. రెండోసారి అప్పు తెచ్చి కొట్టారట. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. వాళ్ళావిడ మాత్రం మంచినీళ్ళ చెంబు చేతికిస్తూ అడిగింది, "ఇంగోసారి కొట్టల్లా సార్?" నా దగ్గర జవాబు లేదు.

అప్పటికి ఒక్క ఊరు కాదు, జిల్లా అంతా ఇదే గోల. ఊళ్ళలో రెండు పుకార్లు నడుస్తున్నాయి. విత్తనమే చెడ్డదన్నది ఒకటి. ఏదో విషపు గాలి వీచిందన్నది రెండోది. ఇచ్చిన విత్తనం తిరిగి తీసుకోవాలని కొన్నిచోట్ల గొడవలు కూడా అయ్యాయి. మందుల దుకాణాల ముందు మాత్రం జనం నిలబడే ఉన్నారు.

ల్యాబ్ చెప్పిన సంగతి

జిల్లా నుంచి నమూనాలు పోయాయి. వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు, పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ వైరాలజీ వాళ్ళు, జాతీయ మొక్కల జన్యువనరుల సంస్థ వాళ్ళు కలిసి చూశారు. మొవ్వుకుళ్ళు వైరస్ కోసం చేసిన పరీక్షల్లో అది కనపడలేదు. తేలింది టొబాకో స్ట్రీక్ వైరస్. పేరులో పొగాకు ఉన్నా, మన దగ్గర 1997 నుంచి పొద్దుతిరుగుడును మాడుస్తున్న తెగులుకూ ఇదే కారణమని అప్పటికే బయటపడింది. వేరుశనగ మీద ఇంత పెద్ద ఎత్తున రావడం మాత్రం మాకు కొత్త. కాండం కుళ్ళు తెగులు అనే పేరు ఆ తర్వాతే మా వాడుకలోకి వచ్చింది.

ఆ ఒక్క ముంగారులో అనంతపురం జిల్లాలో దాదాపు 2.25 లక్షల హెక్టార్లలో ఈ తెగులు కనిపించిందని, నష్టం 300 కోట్ల రూపాయలకు పైనే అని శాస్త్రవేత్తలు అంచనా కట్టారు.

వైరస్ పేరు తెలియడం ఒక ఎత్తు, అది చేనులోకి ఎలా వస్తుందో తెలియడం ఇంకో ఎత్తు. దీన్ని కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే తర్వాత చేసిన పనంతా దీని మీదే నిలబడింది.

వయ్యారిభామ (పార్థీనియం) అనే కలుపు మొక్కలో ఈ వైరస్ ఉంటుంది, కానీ ఆ మొక్కకు చాలాసార్లు ఏ రోగ లక్షణమూ కనపడదు. పచ్చగా, నిండుగా, తెల్లటి పూలతో నవ్వుతూ ఉంటుంది. వైరస్ దాని పుప్పొడిలో ఉంటుంది. తామర పురుగులు ఆ పూలలో తిరిగి, ఒంటికి పుప్పొడి అంటించుకుని, గాలి వాటాన పక్క చేనులో లేత ఆకుల మీద వాలతాయి. ఆకును గీకి రసం పీలుస్తాయి. ఆ గీరిన చోట పుప్పొడి పడితే చాలు, వైరస్ లోపలికి పోతుంది. మొవ్వుకుళ్ళు సంగతి వేరు. అక్కడ వైరస్ పురుగు ఒంట్లోనే పెరుగుతుంది. ఇక్కడ పురుగు కేవలం మోసుకొచ్చేది. పుప్పొడి లేకపోతే ఆ పురుగు వచ్చినా ఈ తెగులు రాదు.

ఇంకో రెండు సంగతులు తేలాయి. వేరుశనగలో ఈ వైరస్ విత్తనం ద్వారా రాదు. ఒక వేరుశనగ మొక్క నుంచి పక్క వేరుశనగ మొక్కకు అంటుకోవడం కూడా చెప్పుకోదగ్గంతగా ఉండదు. లేత పంట పూతకు రాకముందే ఎండిపోతే దాని పుప్పొడి ఎక్కడిది? రోగం ప్రతిసారీ బయట నుంచే రావాలి.

పెద్దాయన చెప్పిన గట్టు పక్క లెక్క ఇదే. మే నెలలో అదాటు వాన పడితే బీళ్ళలో, గట్ల మీద, రోడ్డు పక్కల వయ్యారిభామ మొలుస్తుంది. నెల, నెలన్నరకు పూతకొస్తుంది. సరిగ్గా అప్పుడు మన చేను రెండు మూడు వారాల పసిది. మొదటి నెలలో తగిలిన మొక్క దాదాపు చచ్చినట్టే. కాయ కట్టే ఊడలు నేలలోకి దిగాక తగిలినవి కొంత బతుకుతాయి గానీ కాయ చిన్నదవుతుంది, మచ్చపడుతుంది.

మందు ఎందుకు పని చేయలేదో కూడా దీంతో తెలిసింది. తెగులు కనపడ్డాక కొడితే తగిలిన మొక్క తేరుకోదు. ఇవాళ చేనులో పురుగులను చంపితే, రేపు గట్టు మీది పూల నుంచి కొత్తవి వస్తాయి. పెద్దాయన అప్పు తెచ్చి కొట్టిన రెండో మందు కేవలం నా అజ్ఞానానికి ఆయన కట్టిన వెల. ఆ సంగతి ఆయనకు రచ్చకట్ట దగ్గర అందరి ముందూ చెప్పాను. చెప్పకపోతే తర్వాతి మాట వినరనిపించింది.

2001: ఊళ్ళో పని

విశ్వవిద్యాలయం, ఇక్రిశాట్ కలిసి ఇచ్చిన సూచనలు చూడ్డానికి చాలా మామూలుగా ఉంటాయి. పూతకు రాకముందే వయ్యారిభామను పీకెయ్యాలి. కిలో గింజలకు 2 మిల్లీలీటర్ల ఇమిడాక్లోప్రిడ్ పట్టించి విత్తాలి. చేను చుట్టూ జొన్నో సజ్జో కొన్ని సాళ్ళు ఒత్తుగా వేయాలి, ఎత్తుగా పెరిగి గాలిలో వచ్చే పురుగులకు అడ్డం నిలుస్తాయి. మొక్కలు పలచన కాకుండా సరిపడా విత్తనం వేయాలి, నేల కనపడే ఖాళీలున్న చోటే తామర పురుగులు ఎక్కువ వాలతాయి. పొద్దుతిరుగుడు పక్కన వేరుశనగ వేయకూడదు.

ఈ మాటలు చదివి వినిపిస్తే రచ్చకట్ట మీద ఒక నవ్వు వినపడింది. "గట్టు మీది గడ్డికీ, సేన్లో సెట్టుకీ ఏం సంబంధం సార్? మందన్నా చెప్పండి, కొడతాం." మందు కొంటే ఏదో చేసినట్టు ఉంటుంది. గడ్డి పీకితే ఏమీ చేయనట్టు ఉంటుంది. నలభై ఏళ్ళు సేద్యం చేసిన మనిషికి నా నోటి మాట ఎందుకు నమ్మకంగా ఉండాలి, అందులోనూ పోయినేడు నేనే తప్పు చెప్పాక?

అప్పుడు మాతో వచ్చిన శాస్త్రవేత్త ఒకాయన రోడ్డు పక్క నుంచి పూసిన వయ్యారిభామ కొమ్మ తెంపుకొచ్చారు. ఒక నల్ల గొడుగు తెరిచి తిరగేసి, అందులో కొమ్మను రెండుసార్లు తట్టారు. నల్ల గుడ్డ మీద తెల్లటి నూగు రాలింది. తర్వాత తెల్ల కాగితం మీద తట్టారు. గీతలాంటి సన్నటి పురుగులు పాకుతున్నాయి. చేతి లెన్స్ ఇచ్చి ఒక్కొక్కరినీ చూడమన్నారు. వెనక కూర్చున్న ఒక ముసలామె లెన్స్ తీసుకుని కాగితం మీదికి వంగి చాలాసేపు చూసింది.

"పేను మాదిరి ఉండాదే! ఒంటికి పిండి పూసుకోనుంది."

ఆ ఒక్క మాట మా చార్టులన్నిటికంటే ఎక్కువ పని చేసింది. సాయంత్రానికి "పిండి పురుగు" అని ఊరంతా పేరు పెట్టేశారు. శాస్త్రీయంగా అది సరైన పేరు కాదు, పిండినల్లి వేరే పురుగు. అయినా నేను దిద్దలేదు. ఆ పేరులో విషయం ఉంది కదా.

నమ్మకం కుదిరినా ఆ ఏడాది పని సగమే అయింది. ఎక్కడెక్కడ చెడిందో దాచకుండా రాయాలి.

మొదటిది అదును. మేం మీటింగ్ పెట్టిందే ఆలస్యం. అప్పటికే మొక్కలు పూతలో ఉన్నాయి. పూసిన మొక్కను పీకి, దులిపి, గట్టు మీద కుప్ప వేస్తే పురుగులు ఎక్కడికి పోతాయి? పక్కనే ఉన్న లేత చేనులోకి. మంచి సలహానే, తప్పుడు వారంలో ఇస్తే ఇంత పని జరుగుతుంది.

రెండోది చేతులు. వయ్యారిభామ ముట్టుకుంటే చాలామందికి ఒళ్ళు దద్దుర్లు లేస్తుంది, కొందరికి ఆయాసం వస్తుంది. పీకింది ఎవరు? కూలికొచ్చిన ఆడవాళ్ళు. మూడో రోజు ఒకామె మోచేతుల దాకా ఎర్రగా పొంగి, గోకి గోకి రక్తం వచ్చిన చేతులు చూపించింది. చేతులకు తొడుగులు ఇవ్వాలన్న ఆలోచనే మాకు రాలేదు. సూచనల కాగితంలో 'పీకివేయాలి' అని రాసేటప్పుడు ఎవరి చేతులతో అన్నది ఎవరూ రాయరు. అప్పటి నుంచి నేను ఏ ఊళ్ళో చెప్పినా ముందు చేతులకు ప్లాస్టిక్ కవర్లో తొడుగులో, ముఖానికి గుడ్డ, ఆ తర్వాతే పని అని చెప్తున్నాను. కలుపు ఎక్కువగా ఉన్న బీళ్ళలో, పంట లేని చోట, లీటరు నీటికి 200 గ్రాముల ఉప్పు కలిపి కొట్టే పద్ధతి కూడా ఉంది. మనుషుల చేతులకు అదే నయం.

మూడోది అన్నిటికంటే కష్టమైనది. ఎవరి గట్టు వాళ్ళు శుభ్రం చేసుకున్నారు. కానీ బడి ఆవరణ ఎవరిది? చెరువు కట్ట ఎవరిది? రోడ్డు పక్కన రెండు వైపులా ఉన్నది ఎవరిది? ఊరి నడుమ ఒక ఏడెకరాల బీడు ఉంది, యజమాని బెంగళూరులో పనికి పోయాడు. ఆ బీడు నిండా మనిషి నడుము ఎత్తు వయ్యారిభామ. దాని చుట్టూ ఉన్న ఐదుగురు రైతులు ఎంత కష్టపడినా వాళ్ళ చేన్లకే దెబ్బ ఎక్కువ తగిలింది. అందులో ఒకతను అన్నాడు, "నా గట్టు నేను అద్దం మాదిరి ఉంచినా. గాలికి గట్టు తెల్సునా సార్?"

తర్వాతి ఏడాది మేం రైతుల దగ్గరకు కాదు, ముందు పంచాయతీ దగ్గరకు పోయాం. మే చివర్లో, తొలి వాన పడ్డ మూడో వారంలో, మొక్కలు జానెడు ఉండగానే బడి, చెరువు కట్ట, రోడ్డు పక్కలు శుభ్రం చేయించాం. బెంగళూరు ఆయనకు వాళ్ళ బావమరిది చేత కబురు పెట్టించి, బీడును గుంటక తోలించాం. ఊరి కుర్రవాళ్ళే చేశారు. మా వైపు నుంచి పోయింది జీపు డీజిలు, నాలుగు మీటింగులు, కొన్ని జతల తొడుగులు.

ఫలితం? 2002 దేశమంతా కరువు. మా దగ్గర చేన్లు తెగులుతో కాదు, బెట్టతో పోయాయి. పనిని లెక్కగట్టే అవకాశమే లేకుండా పోయింది. ఆ తర్వాతి ముంగార్లలో ఆ ఊళ్ళో కాండం కుళ్ళు అక్కడక్కడ కనపడింది గానీ చేనుకు చేను ఎండిపోవడం నేను చూడలేదు. అది మా పని వల్లే అని చెప్పలేను. 2000లో వానలు పడిన తీరు, కలుపు మొలిచిన తీరు, పంట వయసు, అన్నీ ఒక చోట కలిశాయి. ఆ కలయిక మళ్ళీ అదే విధంగా రాకపోయి ఉండవచ్చు. పక్క ఊరిని ఏ పనీ చేయకుండా పోలిక కోసం వదిలేసే ధైర్యమూ మాకు లేదు. నేను గట్టిగా చెప్పగలిగింది ఒకటే: ఆ ఊళ్ళో తర్వాత ఈ తెగులు కనపడ్డప్పుడు ఎవరూ అప్పు తెచ్చి రెండో మందు కొట్టలేదు.

దీని విలువ ఎవరు కడతారు

మందుల దుకాణం నడిపే మనిషిని నేను తప్పు పట్టను. సీసా అమ్మితేనే ఆయన ఇల్లు గడుస్తుంది. 'గట్టు మీది గడ్డి పీకు, పూత రాకముందు పీకు, పక్కవాడి బీడులోదీ పీకించు' అన్న మాటను సీసాలో పోసి అమ్మలేరు. ఆ మాట ఒకసారి ఊళ్ళోకి వచ్చాక అందరిదీ అయిపోతుంది. డబ్బు కట్టినవాడికే పని చేసి, కట్టనివాడికి పని చేయకుండా దాన్ని ఆపలేం. పైగా అందరూ చేస్తేనే అది పని చేస్తుంది. అటువంటి మాటను కనిపెట్టడానికి వైరాలజీ ల్యాబ్ కావాలి, జీతాలు కావాలి, ఏ తెగులూ లేని ఏళ్ళలో కూడా ఆ మనుషులు అక్కడ ఉండాలి. అందుకు ప్రజల సొమ్ము తప్ప వేరే దారి లేదని ఈ కేసు నాకు నేర్పింది.

విత్తనం సంగతీ అంతే. మన జిల్లా రైతు దశాబ్దాల పాటు వేసిన టీఎంవీ 2 రకం 1940లో తిండివనం నుంచి వచ్చింది. దాని చోటును గట్టిగా ఆక్రమించింది కదిరి పరిశోధనా స్థానం 2005లో ఇచ్చిన కదిరి 6. ఆ కదిరి ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది గానీ, అప్పట్లో మా అనంతపురమే. వేరుశనగ విత్తనం బరువు, ఎకరాకు బస్తాల లెక్కన కావాలి, ఒక గింజ వేస్తే వచ్చే గింజలు తక్కువ, రైతు ఇంటి విత్తనమే మళ్ళీ వేసుకోవచ్చు. పత్తిలో, మొక్కజొన్నలో హైబ్రిడ్లు అమ్మే కంపెనీలు ఇటువైపు పెద్దగా చూడకపోవడానికి ఇదే కారణం. ప్రభుత్వ పరిశోధనా స్థానం లేకపోతే వర్షాధార చెనిక్కాయ రైతుకు కొత్త రకం ఇచ్చే నాథుడు ఉండడు.

ఇంత విలువైన పనిని మేం లెక్క రాసే తీరు చూస్తే బాధ కలుగుతుంది. నెలవారీ రిపోర్టులో శిక్షణలు ఎన్ని, హాజరు ఎంత, కరపత్రాలు ఎన్ని పంచారు అని గళ్ళు ఉంటాయి. కొట్టకుండా ఆపిన మందు ఎంత అన్న గడి లేదు. పారేయకుండా ఆగిన మంచి విత్తనం ఎంత అన్న గడి లేదు. విత్తనం ద్వారా ఈ తెగులు రాదని చెప్పడం వల్లే 2001లో చాలామంది ఇంట్లో దాచుకున్న గింజలను ధైర్యంగా వేసుకున్నారు. అది ఏ రిపోర్టులోనూ లేదు. నష్టం 300 కోట్లని లెక్క వేయగలిగాం, ఆపిన నష్టానికి లెక్కే లేదు. బడ్జెట్ కోత పెట్టేవాళ్ళకు కనపడేది జీపు డీజిలు మాత్రమే.

దీనికి రెండో వైపు కూడా ఉంది. పరిశోధన మన దాకా వచ్చినా, దాన్ని ఊరి దాకా మోసే మనిషి లేకపోతే అది వ్యవసాయ పంచాంగంలో ఒక పేరాగా మిగిలిపోతుంది. నల్ల గొడుగులో కొమ్మ తట్టి చూపించడానికి ఒక పూట పట్టింది. దానికి ముందు ఆ ఊరికి పదిసార్లు పోయి ఉండాలి, తప్పు చెప్పి ఉంటే ఒప్పుకుని ఉండాలి. ఒక మనిషికి పదుల ఊళ్ళు అప్పగించి, ఆన్‌లైన్ ఎంట్రీలు, విత్తన పంపిణీ, ఇన్సూరెన్స్ కాగితాలు అన్నీ అతని మీదే పెడితే ఆ పదిసార్లు ఎప్పుడు పోతాడు? ఇప్పుడు ఫోన్‌లో ఫొటో పంపితే జవాబు చెప్తున్నాం, చాలా మేలు. కానీ ఫొటోలో చిగురు మాడినట్టే కనపడుతుంది, మొవ్వుకుళ్ళయినా కాండం కుళ్ళయినా. గట్టు పక్కనా, నడిమిట్లోనా అన్నది ఫొటోలో ఉండదు.

కొత్తగా చేరిన ఏఈఓలకు (వ్యవసాయ విస్తరణ అధికారులకు), గ్రామ వ్యవసాయ సహాయకులకు

మే, జూన్‌లో తొలి వాన పడ్డ తేదీ రాసి పెట్టుకోండి. అక్కడి నుంచి మూడు వారాల లోపు ఊరి ఉమ్మడి స్థలాలు ఒకసారి తిరిగి రండి. రైతుల గట్లు తర్వాత, బడి, చెరువు కట్ట, రోడ్డు పక్కలు, ఊళ్ళో లేనివాళ్ళ బీళ్ళు ముందు. వర్షాకాలంలో వయ్యారిభామ ఆకులు జల్లెడలా తినేసిన చోట తెల్లటి ఒంటి మీద నల్ల చారలున్న పెంకు పురుగులు కనపడితే వాటిని చంపవద్దని చెప్పండి. 1980లలో ఈ కలుపు కోసమే మెక్సికో నుంచి తెప్పించి బెంగళూరు ఉద్యాన పరిశోధనా సంస్థ వాళ్ళు వదిలిన పురుగులు అవి.

చేనులో చిగుళ్ళు మాడుతున్నాయని ఎవరైనా పిలిస్తే తెగులు పేరు చెప్పే ముందు చేను నాలుగు మూలలూ, నడిమిట్లోనూ తిరగండి. మొదట ఏ వైపు కనపడిందో, ఎన్ని రోజులైందో రైతునే అడగండి. అనుమానం ఉంటే మందు రాయొద్దు. చావబోయే మొక్క కాదు, అప్పుడే మచ్చ పడుతున్న మొక్కలు నాలుగైదు తీసుకోండి. తడి పేపర్లో చుట్టి, పాలిథిన్ కవర్లో పెట్టి, ఐసు వేసిన థర్మోకోల్ డబ్బాలో మర్నాటికల్లా పరిశోధనా స్థానానికి చేరేలా పంపండి. కవర్ మీద ఊరు, విత్తిన తేదీ, రకం, గట్టు పక్కదా నడిమిట్లోదా అన్నది పెన్సిల్‌తో రాయండి. పెన్నుతో రాస్తే తడికి చెరిగిపోతుంది.